ఇరవై నాలుగు మూతలు

నాకు కరెంటంటే భయం. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి, ఇన్నేళ్లుగా ఆ పనితోనే అన్నం తింటున్న మనిషి ఈ మాట చెప్పుకోవడం సిగ్గుచేటే. అయినా చెప్పుకుంటున్నాను. స్విచ్ ఆపి, ప్లగ్ పీకి, టెస్టర్ పెట్టి చూసి, ఆ టెస్టర్ పనిచేస్తోందో లేదోనని ఇంకో టెస్టర్ పెట్టి చూస్తే తప్ప తీగ ముట్టుకోను. మా ఆయన చూసి నవ్వుతాడు. నవ్వనీ. ఒక్కసారి కూడా షాకు తినని ఎలక్ట్రీషియన్ కర్నూలు జిల్లా మొత్తం వెతికినా నేనొక్కదాన్నే దొరుకుతానేమో.

ఆ భయమే నన్ను కాపాడుతోందని ధీమాగా ఉండేదాన్ని. అదే ఒకరోజు వేరే మనిషి కంటి మీదికి తెచ్చింది. ఆ సంగతి ఇంతవరకు కాగితం మీద పెట్టలేదు.

కర్నూలు నుంచి ఓర్వకల్లు పోయే దారిలో, రాతి గుట్టల పక్కన ఉన్న ఒక పెద్ద ఆసుపత్రిలో నా ఉద్యోగం. పేరు చెప్పను. రోడ్డు మీద బస్సు దిగిన చోటు నుంచి ఓపీ చీటీలు రాసే చోటికి కిలోమీటరు నడవాలి. దారిలో నీడనిచ్చే చెట్టు ఒక్కటి లేదు. కోడుమూరు పక్క పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్లు సగం దారిలో కూలబడిపోతుంటే చూడలేక, యాజమాన్యం బెంగళూరులో గోల్ఫ్ ఆడేచోట వాడి పక్కన పడేసిన బ్యాటరీ బండ్లు నాలుగు తెప్పించింది. ఆట కర్రల సంచీ తగిలించుకోవడానికి వాటి వెనక ఒక స్టాండు ఉంటుంది. గోల్ఫ్ ఆట మా సీమలో ఎవరాడతారు? మా రోగులు ఆ స్టాండులో ఊతకర్రలు, టిఫిను క్యారియర్లు, ఎక్స్‌రే కవర్లు పెట్టుకునేవాళ్లు.

బండ్లయితే వచ్చాయి గానీ వాటి బ్యాటరీలు చచ్చి ఉన్నాయి. కొత్తవి ఏవి కొనాలో చెప్పే పని నా నెత్తిన పడింది. లిథియం బ్యాటరీ కొంటే తేలిక, గబగబా ఛార్జి అవుతుంది, నీళ్లు పోసే బాధ లేదు, ఏళ్ల తరబడి తిరిగి చూడక్కర్లేదని అమ్మేవాడు వచ్చి ఊదరగొట్టాడు. అతను చెప్పిందంతా నిజమే. కానీ అంతకు వారం ముందే ఎవరో నా ఫోనుకు ఒక వీడియో పంపారు. ఇంటి ముందు ఛార్జింగుకు పెట్టిన స్కూటరు భగ్గుమని మండుతోంది, నీళ్లు పోసినా ఆరడం లేదు. ఆ రాత్రి నేను మా ఇంట్లో సెల్ ఫోన్లు కూడా ఛార్జింగుకు పెట్టనివ్వలేదు. లిథియం వద్దన్నాను. తాతల కాలం నుంచి ట్రాక్టర్లలో, లారీల్లో చూస్తున్న ఆమ్లం బ్యాటరీలే మేలన్నాను. కర్నూల్లో ఏ సందుకు పోయినా దాన్ని బాగుచేసే మనిషి దొరుకుతాడు, తెలిసిన భయం తెలియని భయం కంటే నయం కదా అని నా లెక్క.

ఒక్కో బండికి ఎనిమిది ఓల్టుల బ్యాటరీలు ఆరు. ఒక్కో బ్యాటరీకి నాలుగు మూతలు. బండికి ఇరవై నాలుగు. ప్రతి మూత నడినెత్తిన సూది దూరేంత బొక్క ఉంటుంది. ఛార్జింగు ఎక్కుతున్నప్పుడు లోపల బుడగలు లేచి, నిప్పురవ్వ తగిలితే భగ్గుమనే గాలి పుడుతుంది, అది ఆ బొక్కలోంచి బయటికి పోవాలి. కుక్కరు విజిల్ బొక్కలో మెతుకు ఇరుక్కుంటే ఏమవుతుందో వంటచేసే వాళ్లందరికీ తెలుసు, ఇదీ అంతే. ఈ పాఠం నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని.

ఛార్జరు కూడా నేనే ఎంచాను. బ్యాటరీ నిండగానే తనంతట తాను ఆగిపోయే రకం, ఓల్టులు సరిగ్గా బ్యాటరీలకు సరిపోయేది, ఫ్యాను ఉన్నది. వేరే రకం బ్యాటరీకి చేసిన ఛార్జరు దీనికి తగిలిస్తే చేజేతులా చంపుకున్నట్టే. పదిహేను రోజులకోసారి మూతలు విప్పి, లోపలి పలకలు మునిగేంత వరకు మాత్రం డిస్టిల్డ్ వాటర్ పోసేదాన్ని. అదీ ఛార్జింగు అయ్యాకే. ముందే నిండుగా పోస్తే పొంగి ఆమ్లం బయటికి వస్తుంది. తీగలు బిగించే చోట తెల్లగా పూత పడితే వంటసోడా నీళ్లతో కడిగి, ఆరాక వ్యాజిలిన్ రాసేదాన్ని. మా ఎండలకు నీళ్లు తొందరగా ఇంకిపోతాయి గనక వేసవిలో వారానికోసారి చూసేదాన్ని. ఇవన్నీ తప్పకుండా చేశానంటే శ్రద్ధ అనుకునేరు. భయం.

భయం ఎక్కువైన మనిషికి నోరు కూడా ఎక్కువవుతుంది. షెడ్డులో ఎవరు సీటు ఎత్తినా నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. ఒక డ్రైవరు నీళ్లు తగ్గాయని ప్లాంటు నుంచి తెచ్చిన తాగేనీళ్ల క్యాను ఎత్తి బ్యాటరీలో పోయబోయాడు. మినరల్ వాటరే కదమ్మా, శుద్ధంగా ఉండాది అన్నాడు. ఆ రోజు నేను వేసిన కేకలకు మందుల షాపు వాళ్లు బయటికి వచ్చి చూశారు. అప్పటి నుంచి షెడ్డు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టాను, బ్యాటరీల మీద ఎవరూ చెయ్యి వేయరాదని. కింద నా సంతకం కూడా.

నలుగురు డ్రైవర్లలో పెద్దాయన ముప్పై ఏళ్లు లారీ తోలి, ఇక దూరాలు పోలేక ఇక్కడ చేరిన మనిషి. సాయబు. మేమంతా చాచా అనేవాళ్లం. ఆయన మూడో నంబరు బండి తోలేవాడు. మనిషి నడక కంటే నిదానంగా తోలుతాడని ముసలమ్మలు ఎగతాళి చేస్తే, "పెండ్లికి పోతాండామా అవ్వా, సూదికే కదా" అనేవాడు. గేటు దగ్గర కూర్చుని, దూరంగా వస్తున్న బస్సు బోర్డు అందరికంటే ముందు చదివి చెప్పడం ఆయన సరదా. ఈ వయసులో కంటద్దాలు లేవని చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఇక నేను చేసిన పని చెప్పాలి.

మా అమ్మానాన్నలు కోడుమూరులో నేత పని చేసేవాళ్లు. దసరాకు మా ఇంట్లో ఆయుధపూజ అంటే మగ్గానికి పూజ. అమ్మ మగ్గం మొత్తం తుడిచి, ప్రతి భాగానికీ పసుపు రాసి బొట్టు పెట్టేది. నాడెకు, అచ్చుకు, దోనెకు, ఆఖరికి కండెలకు కూడా. ఒక్క ముక్క వదిలేసినా, "దానికి రోషమొస్తాదే, ఏడాదంతా సతాయిస్తాది" అనేది. నేను చిన్నప్పుడు మగ్గం గుంతలోకి దిగి, ఎవరికీ కనిపించని తొక్కుడు కర్రలకు బొట్లు పెట్టేదాన్ని.

ఆసుపత్రిలో ఆయుధపూజ రోజున డ్రైవర్లు బండ్లు కడిగి, స్టీరింగుకు దండ వేసి, ముందు అద్దానికి బొట్టు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి అయిందనిపించారు. నాకు మనసొప్పలేదు. పనంతా చేసే బ్యాటరీలకు ఒక్క బొట్టు లేదు. వాళ్లంతా బొరుగులు, బెల్లం పంచుకుంటుంటే నేను సీట్లు ఎత్తి ఒక్కో బండిలో ఇరవై నాలుగు మూతలకూ పసుపు పెట్టి కుంకుమ అద్దాను. పసుపు పలుచగా ఉంటే మూత సందులోంచి ఆమ్లంలోకి కారుతుందేమోనని భయపడి, గంధం కలిపి ముద్దలాగా గట్టిగా చేశాను. చూడండి నా జాగ్రత్త. మూత నడినెత్తినే బొట్టు పెట్టాలి కదా, అక్కడే పెట్టాను. పాఠం తెలిసిన బుర్ర అప్పుడు యాడికి పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు. పెడుతున్నది ఎలక్ట్రీషియన్ చెయ్యి కాదు, మా అమ్మ కూతురి చెయ్యి.

తర్వాత రెండు రోజులు ఓపీ సెలవు. షెడ్డు రేకుల కింద ఆ పసుపు, గంధం ఎండి గట్టిపడ్డాయి.

మూడో రోజు పొద్దున బండ్లు బయటికి పోయాయి. మధ్యాహ్నానికి మూడో నంబరు బండి నీరసపడిందని చాచా తెచ్చి ఛార్జింగుకు పెట్టాడు. మిగతా మూడూ గేటు దగ్గరే తిరుగుతున్నాయి. నేను షెడ్డు మూలన కూర్చుని ఒక పాత ఫ్యాను విప్పుకుంటున్నాను. మూడు దాటాక చాచా వచ్చి నిలబడి, "బేటీ, బండి కాడ వాసనొస్తాంది" అన్నాడు.

"ఛార్జింగు పెడితే వాసన రాక అత్తరు వాసన వస్తుందా చాచా?" అన్నాను తలెత్తకుండా.

ఆయన వెనుదిరిగాడు. గోడ దగ్గరికి పోయి స్విచ్ ఆపాడు. ఆ టక్కుమన్న శబ్దం విని ఓరగా చూశాను, ఆపింది చూశాను. తర్వాత ప్లగ్ తీశాడు. నేను నేర్పిన వరసలోనే. ఆ తర్వాత సీటు ఎత్తి లోపలికి వంగాడు. నా సీటు, నా రూలు అని ఒళ్లు మండి అరవడానికి నోరు తెరిచాను. అంతలోనే పగిలిన చప్పుడైంది. పెద్ద చప్పుడేమీ కాదు, కొబ్బరికాయ కొట్టినట్టు. చాచా రెండు చేతులతో మొహం కప్పుకుని వెనక్కి పడ్డాడు.

నేను కూర్చున్న చోటే ఉండిపోయాను. ఎంతసేపు? అందరూ క్షణం అంటారు, నాకు మాత్రం ఒక పూటంత అనిపించింది. ఆయన "అల్లా, కండ్లు, కండ్లు" అంటుంటే లేచాను. కొళాయి తిప్పితే గాలి వచ్చింది. ట్యాంకరు ఇంకా రాలేదు. చుక్క కూడా ఎవర్నీ ముట్టుకోనివ్వని డిస్టిల్డ్ వాటర్ క్యాన్లు వరసగా ఉన్నాయి. ఒకటి ఎత్తి ఆయన మొహం మీద కుమ్మరించాను. రెప్పలు విప్పమని అరుస్తూ రెండోది, మూడోది. ఆయన చొక్కా ఆమ్లానికి చిల్లులు పడిపోతోంది. నా చేతులకు మంట పుట్టింది. నాలుగో క్యాను అయ్యేసరికి స్ట్రెచరు వచ్చింది.

కంటి వార్డుకు తీసుకుపోయాక నేను షెడ్డుకు తిరిగి వచ్చాను. మధ్య బ్యాటరీ పైకప్పు విచ్చుకుపోయింది. పక్కవి పొట్ట ఉబ్బి ఉన్నాయి. కింద పడిన ఒక మూత తీసి చూశాను. బొక్కలో పసుపు. ఇంకోటి చూశాను. పసుపు. ఉబ్బినవాటి మూతల మీద కుంకుమ ఇంకా ఎర్రగా ఉంది.

నేలమీద కూలబడ్డాను. ఏడుపు కూడా రాలేదు. గేటు దగ్గరున్న బండ్లు గుర్తొచ్చాయి. అవీ కాసేపట్లో ఛార్జింగుకు వస్తాయి. పరుగెత్తి పోయి, చీర కుచ్చిళ్ల పిన్నీసు తీసి, రోగులను దింపించి, ఒక్కో మూత బొక్కలోని పసుపు పొడిచి తీశాను. డెబ్బై రెండు బొక్కలు. డ్రైవర్లు ఏమిటమ్మా అంటే చెప్పలేదు. తిరిగి షెడ్డుకు వచ్చి పగిలిన బండి మూతలు కూడా పొడిచి, కడిగి, తుడిచాను. దానికి ఆ పని అక్కర్లేదు, అది ఇక ఛార్జింగుకు రాదు. మరి ఎందుకు తుడిచానో నాకు తెలుసు.

సాయంత్రం మేనేజరు వచ్చాడు. కంటికి వచ్చిన దెబ్బ కాబట్టి రిపోర్టు రాయాలి. పగిలిన బ్యాటరీ చుట్టూ తిరిగి, "స్విచ్ ఆపకుండా ప్లగ్ పీకి రవ్వ లేపినాడా ఏమమ్మా? నువ్వీడనే ఉంటివి కదా" అని అడిగాడు.

"సరిగ్గా చూడలేదు సార్" అన్నాను.

ఆయన తల ఊపి, ఏదో రాసుకుని పోయాడు.

ఆ తర్వాత ఐదు రోజులు నేను ఎలా ఉన్నానో చెప్పలేను. ఎడమ కన్ను పర్వాలేదు, కుడి కన్ను కట్టు విప్పితే గానీ తెలియదని కంటి డాక్టరమ్మ చెప్పింది. ఆ కన్ను పోతే ఆయన ఇక బండి తోలలేడు. తప్పు ఆయనదని రాస్తే ఉద్యోగమే ఉండదు. ఇంట్లో కుక్కరు పెట్టడం మానేశాను. పొద్దున లేస్తూనే కుడి కన్ను మూసుకుని, ఎడమ కంటితో గడియారం చూసేదాన్ని. వార్డు తలుపు దాకా పోయేదాన్ని, లోపలికి పోయేదాన్ని కాదు. ఆయన భార్య బయట బెంచీ మీద కూర్చుని, "నువ్వు నీళ్లు పోయకపోతే రెండు కండ్లూ పోయేవంట బేటీ, నీ బిడ్డలు సల్లగుండాల" అని నా చేతులు పట్టుకుంది. ఆ చేతుల్లోంచి నా చేతులు లాక్కుని పారిపోవాలనిపించింది.

ఆరో రోజు కట్టు విప్పారు. నేను తలుపు దగ్గరే నిలబడి విన్నాను. కుడి కంటి ముందు డాక్టరమ్మ వేళ్లు చూపించి ఎన్ని అని అడిగింది. చాచా చాలాసేపు చూసి, "తెల్లగా ఉండాదమ్మా. చెయ్యి ఉండాదని తెలుస్తాంది. ఏళ్లు తెలీడంల్యా" అన్నాడు. ఇంకా చికిత్స ఉంది గానీ మునుపటిలా రావడం కష్టమని డాక్టరమ్మ నిదానంగా చెప్పి వెళ్లిపోయింది.

నేను లోపలికి పోయి మంచం పక్కన నిలబడ్డాను. ఐదు రోజులు కూడబెట్టుకున్న మాటలన్నీ పోయి ఒక్కటే మిగిలింది.

"చాచా, మూతలకు పసుపు పెట్టింది నేను. బొక్కలు మూసుకుపోయి పేలింది."

"నాకు తెలుసు బేటీ" అన్నాడు. "ఆ పొద్దు బండి తీసేటప్పుడే సీటెత్తి చూసినా. లారీ తోలినోన్ని, ఆ మాత్రం తెలీదా?"

నాకు అర్థం కాలేదు. "తెలిసి ఊరుకుంటివా? గోకేస్తే పోయేది కదా చాచా."

"నువ్వు దేవునికి పెట్టింటివి. నేను సాయబును, గోకితే బాగుంటాదా? ఆ పైన బ్యాటరీల మింద చెయ్యేయకూడదని గోడకు రాసింటివి." అన్నాడు. "నిన్నడిగి తీద్దామని రెండు తూర్లు వచ్చినా. మొదటి తూరి నీ మొగం చూసి ఎనక్కి పోయినా. రెండో తూరి వాసనొస్తాందని మాత్రం చెప్పగలిగినా."

"నేనంటే భయమా చాచా నీకు?"

"శానా" అని నవ్వాడు.

ఆయన నవ్వాడు గానీ నేను నవ్వలేకపోయాను. పుట్టి బుద్ధెరిగిన దగ్గర నుంచి నేను కరెంటుకు భయపడ్డాను, మంటకు భయపడ్డాను, ఆమ్లానికి భయపడ్డాను, మేనేజరుకు భయపడ్డాను. నన్ను చూసి ఒక మనిషి భయపడతాడని, ఆ భయానికి ఒక కన్ను పోతుందని నాకు ఎన్నడూ తోచలేదు. మంచం కమ్మీ పట్టుకుని ఏడ్చాను. "పోనీలే, ఇంకోటి ఉండాది కదా" అని ఆయనే నన్ను ఊరడించాడు.

అక్కడి నుంచి మేనేజరు గదికి పోవడానికి భయమేయలేదంటే అబద్ధం. అయినా పోయాను. పసుపు సంగతి చెప్పాను. తుడిచేసిన సంగతి చెప్పాను. చాచా స్విచ్ ఆపడం నా కళ్లారా చూశానని చెప్పాను. మేనేజరు లేచి ముందు తలుపు వేసి వచ్చాడు.

"పూజ చేస్తే పేలిందని నేను రాయల్నా?" అన్నాడు. "రేపు ఎవరన్నా వచ్చి పూజలు వద్దంటాండారా అని కూచుంటే జవాబు నువ్వు చెప్తావా? ఎండకు ఉబ్బి పగిలిందని రాస్తా. ఇంక ఈ మాట యాడా అనాకు."

"డ్రైవరు తప్పు లేదని కూడా రాయండి సార్" అని అక్కడే నిలబడ్డాను. ఆయన నా మొహం చూసి, ఒక వాక్యం కలిపి, నాకు చదివి వినిపించాడు.

చాచా ఉద్యోగం నిలిచింది. కుడి కంటికి మాత్రం ఆ తెలుపు పోలేదు. బండి తోలే పని తీసేసి ఆయన్ను షెడ్డులో నాకు తోడుగా వేశారు. గోడ మీది రాత నేనే సున్నం పూసి చెరిపేశాను. పదిహేను రోజులకోసారి మూతలు విప్పి, బొక్కలు చూసి, నీళ్లు పోసే పని ఇప్పుడు ఆయనదే. నాకంటే బాగా చేస్తాడు. నువ్వు ఎవరినీ అడగక్కర్లేదు చాచా అని ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. సరేలే బేటీ అంటాడు. అయినా ప్రతిసారీ సీటు ఎత్తి, మొదటి మూత మీద చెయ్యి వేసే ముందు ఆగి, ఆ ఒక్క కంటితో నా మొహంలోకి చూస్తాడు.